ఫ్లోరిడాలో విశ్రాంత నివాసం: చోటు ఎంపిక

ఉద్యోగం నుంచి తప్పుకున్నాక శేషజీవితం గడపడానికి ఫ్లోరిడా రాష్ట్రంలో ఏ కౌంటీ, ఏ ఊరు, ఎలాంటి ఇల్లు అన్నది తేల్చుకోవడమే ఈ వ్యాస విషయం. అమెరికా ఆగ్నేయ మూలన సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఈ రాష్ట్రంలో 67 కౌంటీలున్నాయి. 2020 జనాభా లెక్కల్లో 2.15 కోట్ల మంది తేలారు. వారిలో ప్రతి అయిదుగురిలో సుమారు ఒకరు 65 ఏళ్లు దాటినవారు. ఈ వృద్ధులు రాష్ట్రమంతటా సమంగా పరుచుకుని లేరు. సమ్టర్ కౌంటీలో సగానికి మించి 65 దాటినవారే. జనాభా మధ్యస్థ వయసులో దేశంలోని కౌంటీలన్నిటికీ అదే మొదటిది. అక్కడికి కారులో సుమారు గంట దూరంలో, విశ్వవిద్యాలయం ఉన్న గెయిన్స్‌విల్‌లో వీధులన్నీ కుర్రకారుతో నిండి ఉంటాయి.

ఫ్లోరిడాకు వెళ్లాలా అన్న ప్రశ్నకు చాలామందికి జవాబు తొందరగానే దొరుకుతుంది. ఆదాయపు పన్ను లేదు, మంచు ఎత్తిపోసే పని లేదు. ఫ్లోరిడాలో ఎక్కడ అన్నది మాత్రం అంత తేలిక కాదు. 65వ ఏట చూసి ముచ్చటపడ్డ ఇల్లు 85వ ఏట కూడా పనికిరావాలి. గోల్ఫ్ మైదానం పక్కనుందా, సముద్రం కనిపిస్తుందా అన్నవి మొదటి వయసు ప్రశ్నలు. ఇంటి నేల సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉంది, గుండె వైద్యుడు ఎంత దూరంలో ఉన్నాడు, కారు నడపలేని రోజున కూరగాయలు ఎలా వస్తాయి అన్నవి రెండో వయసు ప్రశ్నలు.

చరిత్ర

ఈ వలసకు దారి వేసింది రైలు. హెన్రీ ఫ్లాగ్లర్ తూర్పు తీరం వెంట పట్టాలు పరిపిస్తూ 1888లో సెయింట్ ఆగస్టీన్‌లో భారీ హోటల్ తెరిచాడు. 1896 నాటికి ఆయన రైలు మయామీ చేరింది. పడమటి తీరంలో హెన్రీ ప్లాంట్ 1891లో టాంపా బే హోటల్ కట్టాడు. వీటికి వచ్చినవారు చలికాలం గడిపి వెళ్లే ధనికులే గాని స్థిరపడేవారు కారు. 1924లో ఆదాయపు పన్నునూ వారసత్వపు పన్నునూ నిషేధిస్తూ రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించారు. అప్పటికే భూముల బేరం జ్వరంలా పాకి ఉంది. 1926లో మయామీ మీద, 1928లో ఒకీచోబీ సరస్సు మీద విరుచుకుపడ్డ హరికేన్లు ఆ జ్వరాన్ని దించాయి. రెండోదానిలో కనీసం 2,500 మంది చనిపోయారు.

సామాన్య ఉద్యోగికి ఇక్కడ స్థిరపడే స్తోమత వచ్చింది మూడు మార్పుల వల్ల. 1935 సామాజిక భద్రతా చట్టం నెలనెలా పింఛను తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంటింటికీ ఏసీ వచ్చింది. 1965లో చట్టమైన మెడికేర్ 65 దాటినవారికి వైద్య బీమా ఇచ్చింది. ఏసీ విషయంలో చిన్న విశేషం: యంత్రంతో మంచు తయారు చేయడానికి 1851లో పేటెంటు పొందిన జాన్ గోరీ ఫ్లోరిడాలోని అపలాచికోలా ఊరి వైద్యుడే, జ్వర రోగుల గది చల్లబరచాలన్నది ఆయన తాపత్రయం. 1950లో 27.7 లక్షలున్న జనాభా డెబ్బై ఏళ్లలో దాదాపు ఎనిమిదింతలైంది.

యుద్ధం తర్వాతి దశాబ్దాల్లో ఉత్తరాది చలి ఊళ్లవారికి పోస్టులోనే ప్లాట్లు అమ్మారు. 1957లో మొదలైన కేప్ కోరల్ అలాంటిదే. చిత్తడి నేలను తవ్వి 400 మైళ్లకు పైగా కాలువలు తీసి, ఆ మట్టితోనే గట్టు లేపి ప్లాట్లు వేశారు. ఇంటి వెనకే పడవ కట్టుకోవచ్చన్న ఆశ బాగా అమ్ముడుపోయింది. ఆ కాలువలే ఉప్పెనకు దారులవుతాయన్న సంగతి ప్రకటనల్లో కనిపించేది కాదు. సమ్టర్ కౌంటీలోని వృద్ధుల పెద్ద కాలనీ, నేటి ద విలేజెస్ కూడా పోస్టు ప్లాట్ల బేరంలోనే పుట్టింది. ఆ తరహా అమ్మకాలకు ప్రభుత్వం 1968లో అడ్డుకట్ట వేయడంతో హెరాల్డ్ ష్వార్ట్జ్ అన్న వ్యాపారి మిగిలిన భూమిలో మొబైల్ హోమ్‌ల కాలనీ వేశాడు. 1983లో కొడుకు గారీ మోర్స్ చేరాక అది ఊరై, 1992లో ఇప్పటి పేరు పెట్టుకుంది. 2010-2020 మధ్య దేశంలో అన్నిటికంటే వేగంగా పెరిగిన మహానగర ప్రాంతం ఇదే.

ప్రాంతాలు

ఫ్లోరిడాలో అత్యంత ఎత్తయిన చోటు బ్రిటన్ హిల్. దాని ఎత్తు 345 అడుగులు. హైదరాబాద్ నగరం దానికి సుమారు అయిదింతల ఎత్తున ఉంది. ఇంత చదునైన నేల మీద పది అడుగుల తేడా కూడా పెద్ద తేడాయే.

పెన్సకోలా నుంచి టలహాసీ దాకా ఉన్న వాయవ్య భాగాన్ని పాన్‌హ్యాండిల్ అంటారు. మాటతీరులో, తిండిలో ఇది పక్కనున్న అలబామాకు, జార్జియాకు దగ్గర. చలికాలంలో నీళ్లు గడ్డకట్టే రాత్రులుంటాయి. 2018లో అయిదో శ్రేణి హరికేన్ మైకేల్ ఇక్కడి మెక్సికో బీచ్‌ను నేలమట్టం చేసింది. ఈశాన్యంలో జాక్సన్‌విల్, 1565 నాటి సెయింట్ ఆగస్టీన్ ఉన్నాయి. జాక్సన్‌విల్‌లో 1986 నుంచి మేయో క్లినిక్ ఉండటం పెద్ద ఆకర్షణ.

మధ్య ఫ్లోరిడా తీరానికి దూరం: ఒకాలాలో గుర్రాల క్షేత్రాలు, లేక్ కౌంటీలో సరస్సులు, ఆర్లాండోలో విమానాశ్రయం. ఉప్పెన భయం లేదు గాని గాలి భయం పోదు. 2004లో చార్లీ హరికేన్ పుంటా గోర్డా దగ్గర తీరం దాటి ఆర్లాండో మీదుగా సాగిపోయింది. పడమటి తీరాన టాంపా, సెయింట్ పీటర్స్‌బర్గ్, సారసోటా, ఫోర్ట్ మయర్స్, నేపుల్స్ వరుసగా ఉన్నాయి. గల్ఫ్ జలాలు ప్రశాంతంగా కనిపిస్తాయి. లోతు తక్కువ కావడంతో ఉప్పెన మాత్రం ఇక్కడ ఎత్తుగా లేస్తుంది. అట్లాంటిక్ వైపు పామ్ బీచ్, బోకా రేటన్, డెల్‌రే బీచ్ ప్రాంతాలు న్యూయార్క్ నుంచి వచ్చిన యూదు కుటుంబాల పాత మజిలీలు. మయామీలో స్పానిష్ రాకపోతే కాస్త ఇబ్బందే. పోర్ట్ సెయింట్ లూసీ, వీరో బీచ్ ఆ తీరంలోనే ఉన్నా హడావుడి తక్కువ.

నివాస రకాలు

55 దాటినవారి కాలనీలకు ఆధారం సమాఖ్య గృహవసతి చట్టానికి 1988లో వచ్చిన సవరణలు, 1995లో వచ్చిన మార్పులు. నివాసమున్న ఇళ్లలో కనీసం 80 శాతంలో 55 ఏళ్లు దాటినవారు ఒకరైనా ఉంటే, పిల్లలున్న కుటుంబాలను కాదనే హక్కు ఆ కాలనీకి వస్తుంది. ద విలేజెస్‌లో కొన్ని విభాగాలు మినహా 19 ఏళ్లలోపు వారు ఏడాదికి 30 రోజులకు మించి ఉండరాదు. వేసవి సెలవులన్నీ మనవలు తమ దగ్గరే గడపాలనుకునే అమ్మమ్మలు, తాతయ్యలు సంతకం పెట్టేముందు చదవాల్సిన వాక్యమిది.

ఇలాంటి పెద్ద కాలనీలు చాలా వాటిలో రోడ్లు, వాననీటి కాలువలు కట్టింది కౌంటీ ప్రభుత్వం కాదు. 1980 నాటి రాష్ట్ర చట్టం కింద ఏర్పడే సముదాయ అభివృద్ధి జిల్లాలు బాండ్లు అమ్మి కడతాయి, ఆ అప్పును ఇళ్ల యజమానుల పన్ను బిల్లులో కలిపి వసూలు చేస్తాయి. ఇంటి ధర బోర్డు మీద ఉంటుంది, బాండు బాకీ ఉండదు. అడిగి తెలుసుకోవాల్సిందే. ద విలేజెస్ మూడు కౌంటీల్లో పరుచుకుని ఉంది కాబట్టి ఒకే పేరున్న ఊళ్లో రెండిళ్ల పన్ను రెండు రకాలుగా ఉండవచ్చు.

తక్కువ డబ్బుతో వచ్చేవారికి కర్మాగారంలో తయారైన ఇళ్ల పార్కులున్నాయి. ఇల్లు కొన్నవాడిదే, నేల మాత్రం చాలా పార్కుల్లో పార్కు యజమానిది. నెలనెలా స్థలం అద్దె కట్టాలి, అది ఏటా పెరుగుతుంది. తుపాను వస్తే మొదట ఖాళీ చేయించేది వీటినే. కాండోల, అంటే ఉమ్మడి భవనాల్లోని సొంత ఫ్లాట్ల, సంగతి వేరు (చూ. కాండో భవనాలు). జీవితాంత సంరక్షణ కేంద్రాల్లో పెద్ద మొత్తం ప్రవేశ రుసుముగా కడితే స్వతంత్ర నివాసం నుంచి నర్సింగ్ సేవ దాకా ఒకే ఆవరణలో దొరుకుతాయి. 2004లో తెరిచిన గెయిన్స్‌విల్‌లోని ఓక్ హమక్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడుస్తోంది. చలికాలం మాత్రమే వచ్చిపోయేవారిని స్నోబర్డ్స్ అంటారు. వీరు జనవరి ఫ్లోరిడానే చూస్తారు, ఆగస్టు ఫ్లోరిడాను చూడరు.

పన్నులు

పింఛను మీద, సామాజిక భద్రత చెల్లింపుల మీద, విరమణ ఖాతాల నుంచి తీసిన సొమ్ము మీద రాష్ట్రం పన్ను వేయదు. సమాఖ్య పన్ను మామూలే. ఎస్టేటు పన్ను కూడా లేదు. రాష్ట్ర అమ్మకపు పన్ను 6 శాతం, దాని మీద కౌంటీలు కొంత కలుపుతాయి. రాష్ట్రంలో ఒక చోటికీ ఇంకో చోటికీ అసలు తేడా ఆస్తి పన్నులో తెలుస్తుంది.

సొంతంగా కాపురముండే ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంది. జనవరి 1 నాటికి ఆ ఇంట్లో ఉంటూ మార్చి 1లోగా దరఖాస్తు పెట్టుకోవాలి. మినహాయింపు కంటే విలువైనది దాని వెంట వచ్చే పరిమితి. 1992లో ఓటర్లు ఆమోదించిన ‘సేవ్ అవర్ హోమ్స్’ సవరణ ప్రకారం పన్ను కోసం లెక్కించే ఇంటి విలువ ఏడాదికి 3 శాతానికో, ధరల పెరుగుదల రేటుకో, ఏది తక్కువైతే దానికి మించి పెరగరాదు. దీంతో ఇరవై ఏళ్లుగా ఉన్న ముసలాయన కట్టే పన్ను కొద్దిగా, పక్కనే అలాంటి ఇంట్లో నిన్న దిగినవారి పన్ను దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పాత యజమాని బిల్లు చూసి లెక్క వేసుకున్న కొనుగోలుదారు మరుసటి ఏడాది కంగు తింటాడు. రాష్ట్రంలోనే ఇల్లు మారేవారు ఈ ఆదాను 5 లక్షల డాలర్ల వరకు కొత్త ఇంటికి తీసుకెళ్లవచ్చు. మూడేళ్లలోగా కొత్త చోట హోమ్‌స్టెడ్ పొందాలి.

తుపాను, నీరు, నేల

ఉప్పెన అంటే ఏమిటో 1977 నవంబరులో దివిసీమను చూసిన తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 2022 సెప్టెంబరు 28న ఇయన్ హరికేన్ ఫోర్ట్ మయర్స్ ప్రాంతం మీదికి పది అడుగులకు మించిన ఉప్పెనను తోసింది. చనిపోయినవారిలో వృద్ధులే ఎక్కువ. ఫోర్ట్ మయర్స్ బీచ్‌లో వీధులకు వీధులే కొట్టుకుపోయాయి. ఆ ఊరికి ఈశాన్యాన, తీరానికి దూరంగా మెరక మీద కట్టిన బాబ్‌కాక్ రాంచ్ అన్న కొత్త ఊళ్లో కరెంటు కూడా పోలేదు. ఊరికి ఆనుకుని సౌర విద్యుత్ క్షేత్రం ఉంది, తీగలు భూమి లోపల ఉన్నాయి, వాననీటిని తీసుకునే చెరువులు ముందే తవ్వారు. రెండేళ్లకు, 2024 సెప్టెంబరు చివర హెలీన్, అక్టోబరు 9న మిల్టన్ రెండు వారాల తేడాతో పడమటి తీరాన్ని మళ్లీ కుదిపాయి.

వరద మండలం, ఖాళీ చేయించే మండలం ఒకటి కావు. మొదటిది బీమా కోసం సమాఖ్య ప్రభుత్వం గీసిన పటం. రెండోది ఉప్పెన వస్తే ఎవరు ముందు కదలాలో కౌంటీ గీసిన పటం. అందులో ‘ఏ’ అక్షరం పడ్డవారు అందరికంటే ముందు బయలుదేరాలి. ఇంటి చిరునామాను రెండు పటాల్లోనూ వెతకాలి. 2024 అక్టోబరు 1 నుంచి అమ్మేవారు గతంలో వరద బీమా సొమ్ము కోరి ఉంటే కొనేవారికి రాతపూర్వకంగా చెప్పి తీరాలి.

నేల కింద ఇంకో సంగతి ఉంది. రాష్ట్రం కింద పరుచుకున్న సున్నపురాయి నీటికి కరిగి గుల్లవుతుంది, పైనేల ఒక్కసారిగా కుంగుతుంది. పాస్కో, హెర్నాండో, హిల్స్‌బరో కౌంటీలను సింక్‌హోల్ ఆలీ అనే పిలుస్తారు. 2013లో హిల్స్‌బరో కౌంటీలోని సెఫ్నర్‌లో పడకగది కింద నేల తెరుచుకుని నిద్రలో ఉన్న మనిషి ప్రాణం పోయింది.

బీమా

1992లో ఆండ్రూ హరికేన్ కొట్టాక ఇళ్ల బీమా రంగం తలకిందులైంది. ప్రైవేటు కంపెనీలు కాదన్నవారి కోసం రాష్ట్రం 2002లో సిటిజన్స్ సంస్థను ఏర్పాటు చేసింది. రాష్ట్రమంతటికీ ఒకే భవన నిర్మాణ నియమావళి అమలైంది కూడా ఆ ఏడాదే. అందుకే కొనేవారు ఇల్లు 2002కు ముందుదా తర్వాతదా అని అడుగుతారు. పైకప్పు వయసు మరీ ముఖ్యం. పాత కప్పున్న ఇంటికి బీమా దొరకడమే కష్టం.

హరికేన్ నష్టంలో యజమాని సొంతంగా భరించాల్సిన వాటా సాధారణంగా బీమా మొత్తంలో శాతం. 4 లక్షల డాలర్లకు బీమా చేసిన ఇంటికి 2 శాతమంటే 8,000 డాలర్లు, 5 శాతమంటే 20,000. మామూలు ఇంటి బీమా వరద నీటి నష్టానికి వర్తించదు. వరద బీమా విడిగా తీసుకోవాలి. సమాఖ్య పథకంలో సాధారణంగా 30 రోజులు గడిచాకే అమల్లోకి వస్తుంది. టీవీలో తుపాను గుర్తు కనిపించాక ఫోను చేస్తే ప్రయోజనం లేదు.

కాండో భవనాలు

2021 జూన్ 24 తెల్లవారుజామున మయామీ పక్కన సర్ఫ్‌సైడ్‌లో చాంప్లెయిన్ టవర్స్ సౌత్ భవనం కూలి 98 మంది చనిపోయారు. మరుసటి ఏడాది వచ్చిన చట్టం మూడంతస్తులు, అంతకు మించిన కాండోలకు వయసు మళ్లాక ఇంజనీరు తనిఖీని, మరమ్మతుల నిధిని తప్పనిసరి చేసింది. అంతవరకు ఆ నిధికి డబ్బు వేయకుండా ఓటేసి తప్పించుకున్న యజమానుల సంఘాలెన్నో. బాకీ ఒక్కసారిగా మీద పడటంతో స్థిర ఆదాయం మీద బతికే వృద్ధులు వేల డాలర్ల ప్రత్యేక వడ్డింపులు కట్టలేక ఇళ్లు అమ్మకానికి పెట్టారు. పాత కాండో చౌకగా కనిపిస్తే సంఘం నిధి అధ్యయనాన్ని, రెండు మూడేళ్ల సమావేశాల నోట్సును తెప్పించుకోవాలి. చౌక ఎందుకో సాధారణంగా అందులోనే తెలిసిపోతుంది.

వైద్యం, రాకపోకలు

మూల మెడికేర్‌ను అంగీకరించే వైద్యుడి దగ్గరికి దేశంలో ఎక్కడైనా వెళ్లవచ్చు. ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ పథకాలు మాత్రం కౌంటీని బట్టి మారతాయి. కౌంటీ గీత దాటితే వైద్యుల జాబితా మారవచ్చు. ఆరు నెలలు మిషిగన్‌లో, ఆరు నెలలు ఫ్లోరిడాలో ఉండేవారికి ఇది చిక్కే. స్నానం చేయించడం, తినిపించడం వంటి దీర్ఘకాల సేవలకు మెడికేర్ చెల్లించదు. క్యాన్సర్ వైద్యానికి టాంపాలో మాఫిట్ కేంద్రం, గెయిన్స్‌విల్‌లో విశ్వవిద్యాలయ ఆసుపత్రి పేరున్నవి.

2017లో ఇర్మా తుపాను తర్వాత హాలీవుడ్ అనే ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్‌లో ఏసీ ఆగిపోయి 12 మంది చనిపోయారు. 2018లో అలాంటి సంస్థలన్నిటికీ జనరేటర్లు తప్పనిసరి చేశారు. కరెంటు లేకున్నా నాలుగు రోజుల పాటు గదిలో వేడి 81 ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటకూడదు. వృద్ధాశ్రమం చూడటానికి వెళ్లినవారు భోజనాల గదితో పాటు జనరేటర్‌నూ చూసి రావడం మంచిది.

కారు లేనిదే రోజు గడవని రాష్ట్రమిది. 80 దాటినవారు లైసెన్సు పునరుద్ధరణకు చూపు పరీక్ష నెగ్గాలి. ద విలేజెస్‌లో గోల్ఫ్ బండ్ల కోసం వేసిన దారులు ఈ చిక్కును కొంత తీరుస్తాయి, అక్కడి జనాదరణకు అదీ ఒక కారణం. మయామీ నుంచి ఆర్లాండోకు బ్రైట్‌లైన్ రైలు 2023 సెప్టెంబరులో మొదలైంది.

తెలుగువారు

1965 వలస చట్టం తర్వాత అమెరికా వెళ్లిన వైద్యులు, ఇంజనీర్లు ఇప్పుడు విరమణ వయసు దాటారు. ఫ్లోరిడాలో తెలుగువారి పెద్ద కూడళ్లు టాంపా, ఆర్లాండో, జాక్సన్‌విల్. టాంపాలో దక్షిణాది గోపురంతో కట్టిన హిందూ ఆలయం, ఆర్లాండో పక్కన కాసెల్‌బెర్రీలో మరో ఆలయం ఉన్నాయి. 2025 జులైలో నాట్స్ సంస్థ అమెరికా తెలుగు సంబరాలు టాంపాలోనే జరిగాయి. లేక్ కౌంటీ టావరెస్‌లోని శాంతినికేతన్ భారతీయ వృద్ధుల కోసమే వెలసిన కాండో సముదాయం. వంటశాలలో మన భోజనం వండి పెడతారు. పొద్దున్నే పలకరించే గొంతు, నచ్చిన పచ్చడి దొరకడం అన్నవి పన్ను పట్టికల్లో కనిపించని లెక్కలు, వయసు మీరేకొద్దీ బరువు పెరిగే లెక్కలు.

పిల్లలు గ్రీన్‌కార్డు మీద పిలిపించుకున్న తల్లిదండ్రుల స్థితి వేరు. అమెరికాలో పనిచేసిన చరిత్ర లేనివారు 65 దాటినా, వరుసగా అయిదేళ్లు చట్టబద్ధ శాశ్వత నివాసులుగా ఉన్నాకే మెడికేర్‌లో చేరగలరు. ఆసుపత్రి భాగానికి కూడా నెలనెలా ప్రీమియం కట్టాలి. భారత్, అమెరికాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం లేదు కాబట్టి భారత్‌లో చేసిన సర్వీసు అమెరికాలో కావలసిన పదేళ్ల పని లెక్కలో కలవదు. వీరి విషయంలో ఊరి ఎంపిక అంటే చాలావరకు కొడుకో కూతురో ఉన్న ఊరే.

పరీక్షా నివాసం

స్థలం నచ్చాక కొనకుండా ఒక కాలమంతా అద్దెకుండి చూడటం సాధారణ పద్ధతి. ఎక్కువమంది ఈ పరీక్షను జనవరి నుంచి మార్చి వరకు పెట్టుకుంటారు. అప్పుడు ఎండ హాయిగా ఉంటుంది, అద్దెలు మండిపోతుంటాయి, రోడ్లూ వైద్యుల గదులూ స్నోబర్డ్స్‌తో కిటకిటలాడుతుంటాయి. ఏడాది పొడవునా ఉండబోయేవారికి తెలియాల్సింది వేసవి ఉక్క, సాయంత్రపు పిడుగుల వానలు, జులైలో వచ్చే కరెంటు బిల్లు. హరికేన్ల కాలం జూన్ 1న మొదలై నవంబరు 30న ముగుస్తుంది. అద్దె ఒప్పందం రాసుకోవడానికి ఆ ఆరు నెలలే సరైనవి.